జ్వరం ఒకటే, ఊర్లు వేరు: ఉత్తర తెలంగాణలో వైద్య తర్క బోధన

రోగి చెప్పిన మాటల్లోంచి, చేతికి తగిలిన గుర్తుల్లోంచి, ల్యాబ్ పంపిన కాగితంలోంచి పనికొచ్చేదాన్ని ఏరుకొని, ఏ రోగమై ఉండవచ్చో ఊహించి, ఆ ఊహను మరో ప్రశ్నతోనో పరీక్షతోనో సరిచూసుకొని, ఎవరికి ఏ మందు ఇవ్వాలో, ఎవరిని ఇంటికి పంపవచ్చో, ఎవరిని పెద్దాసుపత్రికి తరలించాలో తేల్చుకునే ఆలోచనా క్రమాన్ని వైద్య కళాశాలల్లో క్లినికల్ రీజనింగ్ అంటారు; తెలుగులో వైద్య తర్కం అనవచ్చు. శరీర నిర్మాణానికి, ఔషధ శాస్త్రానికి పాఠ్యపుస్తకాలు, విభాగాలు, విడి పరీక్షలు ఉన్నాయి గాని ఈ తర్కానికి చాలాకాలం తనదంటూ ఒక పీరియడైనా లేదు. పెద్ద డాక్టరు వెనక నాలుగేళ్లు వార్డుల్లో తిరిగితే అది దానంతటదే అబ్బుతుందన్న నమ్మకమే పాఠ్యప్రణాళికగా చెలామణి అయింది.

ఆ నమ్మకానికి ఇప్పుడు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గట్టి పరీక్షే ఎదురవుతోంది. ఒక తరం కిందట ఇక్కడి పిల్లలు డాక్టరు చదువుకు హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ కళాశాలలకో, 1959లో మొదలైన వరంగల్ కాకతీయ వైద్య కళాశాలకో వెళ్ళవలసి వచ్చేది. 2000 దశకం తొలి ఏళ్లలో కరీంనగర్ పక్కనే నగునూరులో ప్రతిమ, బొమ్మకల్‌లో చల్మెడ ఆనందరావు పేరిట ప్రైవేటు కళాశాలలు నిలదొక్కుకున్నాయి. 2008లో ఆదిలాబాద్‌కు రిమ్స్ వచ్చింది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలోనూ, మరుసటి ఏడాది కరీంనగర్, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్‌లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. నిన్నటిదాకా జిల్లా ఆసుపత్రులుగా, ఏరియా ఆసుపత్రులుగా ఉన్నవే వీటికి బోధనాసుపత్రులయ్యాయి.

ఇలాంటి కొత్త కళాశాలలో వెనక తిరగడానికి పాతికేళ్ల అనుభవమున్న గురుపరంపర ఇంకా తయారై ఉండదు. తెల్లకోట్లు వేసుకున్న విద్యార్థులు వరుసగా నిలబడేసరికి నిన్నటిదాకా ఓపీ చూసుకుంటూ పోయిన డాక్టరు ఒక్కసారిగా ఉపాధ్యాయుడు కావలసి వస్తుంది. తాను రెండు నిమిషాల్లో తేల్చిన విషయాన్ని ఎలా తేల్చాడో విప్పి చెప్పడం ఆయనకు అలవాటు లేని పని. అయితే ఈ వార్డులకు ఒక బలం కూడా ఉంది. అడవి జ్వరాలు, పాముకాట్లు, పురుగుమందు తాగిన కేసులు, బొగ్గుగనుల కార్మికుల దగ్గులు, బీడీలు చుట్టే స్త్రీల ఆయాసాలు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వలస కూలీల జబ్బులు ఒకే వరండాలో కనిపించే చోటు ఇది. వైద్య తర్కం గురించి గత 50 ఏళ్లలో పరిశోధకులు తెలుసుకున్నదాన్ని బట్టి చూస్తే ఈ బలం ఆ లోటుకంటే చిన్నదేమీ కాదు.

ఆ పరిశోధనలో మైలురాయిగా చెప్పే పుస్తకం 1978లో అమెరికాలో ఆర్థర్ ఎల్‌స్టైన్, లీ షుల్మన్, సారా స్ప్రాఫ్కా ప్రచురించిన అధ్యయనం. నిపుణులైన డాక్టర్లకు ఏదో ప్రత్యేకమైన ఆలోచనా పద్ధతి ఉంటుందని, దాన్ని కనిపెడితే విద్యార్థులకు నేర్పవచ్చని భావించి వారు పని మొదలుపెట్టారు గాని తేలింది వేరు. నిపుణుడైనా, అనుభవం తక్కువున్నవాడైనా రోగి మాట్లాడటం మొదలుపెట్టిన కొద్దిసేపటికే రెండు మూడు ఊహలు చేసుకొని వాటిని సరిచూసుకుంటూ పోతాడు. పద్ధతిలో పెద్ద తేడా లేదు. పైగా ఒక కేసులో చక్కగా తేల్చినవాడు మరో కేసులో తడబడవచ్చు. అంటే తర్కమనేది ఏ రోగానికైనా వాడగల సాధారణ నైపుణ్యం కాదు, ఆయా రోగాల గురించి మనసులో పేరుకున్న జ్ఞానంతో ముడిపడి ఉంటుంది. ఈ మాట వైద్య విద్యావేత్తలకు అప్పట్లో పెద్దగా రుచించలేదు. పద్ధతి నేర్పడం సులువు, అనుభవం నేర్పడం కష్టం గదా.

ఆ జ్ఞానం ఎలా పేరుకుంటుందన్న దానిపై కెనడాలో జెఫ్రీ నార్మన్, నెదర్లాండ్స్‌లో హెంక్ ష్మిట్ వంటివారు తర్వాత చాలా పని చేశారు. విద్యార్థి మొదట రోగాన్ని కారణాల గొలుసుగా నేర్చుకుంటాడు: ఈ క్రిమి చేరుతుంది, ఈ కణం దెబ్బతింటుంది, ఈ లక్షణం పుడుతుంది అని. రోగులను చూస్తున్నకొద్దీ ఆ గొలుసు కుదించుకుపోయి, ఒక్కో రోగానికి ఒక్కో పొందికైన చిత్రం ఏర్పడుతుంది. దీన్ని ఇల్‌నెస్ స్క్రిప్ట్ అంటారు. అందులో మూడు సంగతులుంటాయి: ఎవరికి, ఏ పరిస్థితుల్లో వస్తుందన్నది మొదటిది, లోపల ఏం చెడుతుందన్నది రెండోది, బయటికి ఎలా కనిపిస్తుంది, రోజురోజుకూ ఎలా మారుతుందన్నది మూడోది. పాఠ్యపుస్తకం రెండోదాన్ని బాగా చెబుతుంది, మూడోదాన్ని కొంత చెబుతుంది. మొదటిది మాత్రం ఊరినిబట్టి, కాలాన్నిబట్టి మారుతుంది కాబట్టి లండన్‌లోనో ఢిల్లీలోనో అచ్చయిన పుస్తకం దాన్ని చెప్పలేదు. దాన్ని చెప్పవలసింది స్థానిక వార్డే.

ఉదాహరణకు ఒక కల్పిత రోగిని తీసుకుందాం. పొలాల అమావాస్య దాటిన రోజుల్లో ఉట్నూరు ఏజెన్సీ గూడెం నుంచి 19 ఏళ్ల గోండు యువకుడు రిమ్స్‌కు వస్తాడు. నాలుగు రోజులుగా చలితో జ్వరం, నడుములోనూ తొడల్లోనూ నిద్రపట్టనంత నొప్పి, కళ్ళలో పచ్చదనం. కొత్త విద్యార్థి సాధారణంగా మలేరియా అని ఒక్క మాట చెప్పి ఆగిపోతాడు, లేదా జ్వరానికి పుస్తకంలో ఉన్న 30 కారణాలనూ వల్లిస్తాడు. రెండూ తర్కం కాదు. ఈ మనిషికి, ఈ నెలలో, ఈ ఊర్లో ఏవి ఎక్కువ అవకాశమున్నవో, ఏవి అరుదైనా తప్పిపోతే ప్రాణం తీసేవో విడదీసి నాలుగైదు పేర్లు నిలబెట్టుకోవడం తర్కానికి తొలి మెట్టు. మలేరియా, డెంగీ, ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, కాలేయ వాపు తెచ్చే వైరస్‌లు, చిగ్గర్ అనే సూక్ష్మమైన నల్లి పిల్ల కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్, వీటన్నిటి పక్కన సికిల్ సెల్ వ్యాధి.

ఎర్రరక్తకణాల్లోని హిమోగ్లోబిన్ పుట్టుకతోనే లోపంతో ఉండి, ఒంట్లో నీరు తగ్గినా, ప్రాణవాయువు తగ్గినా, ఏదైనా సూక్ష్మజీవి సోకినా ఆ కణాలు కొడవలి ఆకారంలోకి వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడి, తట్టుకోలేని నొప్పి పుట్టించే రోగమిది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తున్నవారైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగో వంతు. మధ్య భారతంలోని గిరిజన సమాజాల్లో ఇది ఎక్కువ. 2047 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్రం 2023 జులై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఈ పేరు ఒకసారి జాబితాలోకి వస్తే అడగవలసిన ప్రశ్నలే మారిపోతాయి. ఇలాంటి నొప్పి చిన్నప్పుడు కూడా వచ్చిందా, పసితనంలో చేతులూ కాళ్ళూ వాచాయా, ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, తోబుట్టువుల్లో ఎవరైనా చిన్న వయసులో పోయారా? ఊహ లేనివాడికి ఈ ప్రశ్నలు తోచవు. హిస్టరీ అంతా పూర్తిగా రాసుకున్నాక ఆలోచిద్దామనుకునే విద్యార్థి ఎప్పటికీ పూర్తి హిస్టరీ రాయలేడనడానికి కారణం ఇదే.

ఇక్కడే పాఠ్యపుస్తకం దారి తప్పించే చోటు కూడా ఒకటుంది. ఆఫ్రికా మూలాలున్న రోగుల అనుభవంతో రాసిన పుస్తకాలు సికిల్ సెల్ రోగి పెద్దవాడయ్యేసరికి ప్లీహం మాటిమాటికీ దెబ్బతిని కుంచించుకుపోతుందని చెబుతాయి. అందువల్ల ఈ యువకుడి ఎడమ డొక్కలో ప్లీహం పెద్దదిగా చేతికి తగిలితే, సికిల్ సెల్ కాదు, మలేరియానే అని విద్యార్థి ధీమాగా కొట్టివేయవచ్చు. భారతదేశపు రోగుల్లో చాలామందిది జన్యుపరంగా వేరే రకం. వారిలో పిండదశ హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలి ఉంటుంది, ప్లీహం పెద్ద వయసులోనూ పెరిగే ఉండటం కద్దు. ఈ ఒక్క వాస్తవం తెలియకపోతే తర్కం మెట్లన్నీ సరిగ్గా ఎక్కినవాడు కూడా తప్పు చోటికే చేరతాడు.

మలేరియా కిట్‌లో గీత పడిందనుకుంటే పని ముగిసినట్టేనా? తొలి సమాధానం దొరకగానే వెతుకులాట ఆపేయడాన్ని తొందరపాటు ముగింపు అంటారు. రోగనిర్ణయంలో జరిగే పొరపాట్లలో ఇది అతి సాధారణమైనది. మలేరియా సోకినందువల్లే సికిల్ సెల్ నొప్పి తిరగబెట్టి ఉండవచ్చు, రెండూ ఉన్నవాడికి ఒకదానికే మందు ఇస్తే నొప్పి తగ్గదు. అది వైవాక్స్ రకం మలేరియా అయితే కాలేయంలో దాగిన క్రిములను చంపడానికి 14 రోజుల ప్రైమాక్విన్ ఇస్తారు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారిలో ఆ మాత్రలే ఎర్రకణాలను పగలగొట్టి, మూత్రాన్ని నల్లబరచి, రక్తహీనతను ముదరబెడతాయి. మందు మొదలుపెట్టిన మూడో రోజు కళ్ళు ఇంకా పచ్చబడితే రోగం ముదిరిందనుకోవాలా, మందే కీడు చేసిందనుకోవాలా అన్నది మళ్ళీ తర్కమే. రోగం పేరు పెట్టడంతో అది ఆగదు, చికిత్స పొడుగునా నడుస్తుంది.

పరీక్షల విషయంలో విద్యార్థులకు నేర్పడం కష్టమైనదీ, నేర్పితే జీవితాంతం ఉపయోగపడేదీ ఒక లెక్క ఉంది. ఊర్లలో జ్వరమొచ్చిన మనిషి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే తరచుగా వైడాల్ అనే రక్తపరీక్ష చేయిస్తారు, అందులో టైఫాయిడ్ ఉన్నట్టు వస్తుంది, సెలైన్ ఎక్కుతుంది. మలేరియా, టైఫాయిడ్ రెండూ ఉన్నయట అన్న మాట ఉత్తర తెలంగాణ పల్లెల్లో వినిపించని వానాకాలం ఉండదు. ఏ పరీక్ష ఫలితానికైనా అర్థం, పరీక్ష చేయకముందు ఆ రోగం ఉండే అవకాశం ఎంత అన్నదానిపై ఆధారపడుతుంది. లెక్క కోసం 100 మంది రోగుల్లో 90 మందిని సరిగ్గా పట్టే, 100 మంది రోగం లేనివారిలో 90 మందిని సరిగ్గా వదిలే పరీక్ష ఒకటుందనుకుందాం (వైడాల్ నిజానికి అంత నమ్మదగినది కాదు). రోగం 30 శాతం మందికి ఉన్న 1000 మంది గుంపులో ఆ పరీక్ష 270 మంది అసలు రోగులను, 70 మంది రోగం లేనివారిని పాజిటివ్ అంటుంది. పాజిటివ్ వచ్చిన ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురికి రోగం నిజంగా ఉన్నట్టు. అదే రోగం ఒక శాతం మందికే ఉన్న 1000 మందిలో 9 మంది అసలు రోగులకు, 99 మంది రోగం లేనివారికి పాజిటివ్ వస్తుంది; అంటే 12 మందిలో ఒక్కరికే రోగం. పరీక్ష మారలేదు, కాగితం మీది అక్షరం మారలేదు, అర్థం మాత్రం తలకిందులైంది. 18వ శతాబ్దపు ఇంగ్లండ్ మతగురువు థామస్ బేస్ పేరుతో పిలిచే ఈ సూత్రాన్ని 1959లో రాబర్ట్ లెడ్లీ, లీ లస్టెడ్ అనే అమెరికన్లు వైద్య తర్కానికి గణిత పునాదిగా ప్రతిపాదించారు. వార్డులో ఎవరూ కాగితం పెట్టి గుణించరు గాని, ఈ మనిషికి ఈ రోగం ఉండే అవకాశం పరీక్షకు ముందు ఎంతనుకున్నావు అని ఉపాధ్యాయుడు అడగడం మొదలుపెడితే అనవసరపు పరీక్షలు సగం వాటంతటవే తగ్గుతాయి.

ఈ ముందస్తు అవకాశం స్థిరంగా ఉండదన్నది కూడా చెప్పవలసిన మాట. ఆదిలాబాద్ అనగానే మలేరియా గుర్తుకొచ్చే కాలంలో చదువుకున్న డాక్టర్ల మనసులో ఆ రోగానిది ఇప్పటికీ పెద్దపీటే. ఇటీవలి సంవత్సరాల్లో రాష్ట్రంలో మలేరియా బాగా తగ్గింది, డెంగీ పట్టణాలు దాటి మండలాలకు పాకింది, స్క్రబ్ టైఫస్ కూడా బయటపడుతోంది. స్క్రబ్ టైఫస్‌కు తిరుగులేని ఆనవాలు నల్లి కుట్టినచోట ఏర్పడే, సిగరెట్ కాలినట్టుండే నల్లని పొక్కు. అది చంకలోనో గజ్జలోనో దాగి ఉంటుంది. బట్టలు తొలగించి చూసే ఓపిక ఉన్న విద్యార్థికి ఇది పైసా ఖర్చులేని పరీక్ష. చాటుకు తెర కూడా లేని, ఒక్కో మంచం మీద ఇద్దరేసి ఉండే వానాకాలపు వార్డులో ఆ ఓపిక ఆశించడం ఎంత న్యాయమన్నది వేరే చర్చ.

రోగి మాట డాక్టరు తర్కంలోకి చేరే చోట భాష కూడా అడ్డుపడుతుంది, సాయమూ చేస్తుంది. వైద్యం ఇంగ్లిష్‌లో చదివి, రోగితో తెలుగులో మాట్లాడే విద్యార్థికి ఆదిలాబాద్‌లో గోండి, కొలామీ, మరాఠీ, లంబాడీ, ఉర్దూ కూడా ఎదురవుతాయి. తెలుగు మాట్లాడే రోగి సైతం పానం మంచిగ లేదనో, పెయ్యంత గుంజుతున్నదనో, దమ్ము వస్తున్నదనో చెబుతాడు. దమ్ము అంటే ఉబ్బసమని రాసేసుకునే హౌస్ సర్జన్, ఆ మనిషికి మెట్లెక్కినప్పుడు వస్తోందా, రాత్రి పడుకున్నప్పుడు వస్తోందా, పొగమంచులో వస్తోందా అని విడదీసి అడగకపోతే గుండె జబ్బును ఊపిరితిత్తుల జబ్బుగా పొరబడతాడు. ఇలా రోగి మాటలను పదును పెట్టిన వైద్య లక్షణాలుగా మార్చి, మొత్తం కేసును ఒక్క వాక్యంలో చెప్పగలగడం నిపుణుల గుర్తు అని షికాగోకు చెందిన జార్జ్ బోర్డాజ్ పరిశోధనలు చూపాయి. ఉన్నట్టుండి వచ్చిందా, మెల్లగా ముదిరిందా; ఒక కాలా, రెండు కాళ్లా; తొలిసారా, మళ్ళీ మళ్ళీ వస్తోందా అన్న జంటల్లో ఆలోచించేవాడి మనసులో రోగాలు వాటంతటవే విడివడతాయి. బోదకాలు పాతుకుపోయిన కరీంనగర్ ప్రాంతంలో కాలి వాపు అనగానే ఒకే పేరు తోచడం సహజం. రెండు రోజుల్లో ఉన్నట్టుండి వాచిన ఒంటికాలు అని వాక్యం కట్టగానే రక్తనాళంలో గడ్డకట్టిన నెత్తురు, చర్మం కింది చీము కూడా జాబితాలో కూర్చుంటాయి.

అడగవలసిన ఒకే ఒక్క ప్రశ్న మీద ప్రాణం నిలిచే సందర్భాలకు కట్లపాము కాటును మించిన ఉదాహరణ ఉత్తర తెలంగాణలో దొరకదు. పెద్దపల్లి వైపు పొలంలో పనిచేసే 30 ఏళ్ల స్త్రీని తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో తెస్తారు. గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపబోతుంటే కనురెప్పలు వాలుతుంటాయి, మాట ముద్దగా వస్తుంటుంది. కాటు గుర్తు కనిపించదు, పాము సంగతి ఎవరూ చెప్పరు, ఎందుకంటే కట్లపాము రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది, ఆ కాటు చాలాసార్లు దోమకుట్టినంత నొప్పి కూడా పెట్టదు. రాత్రి ఎక్కడ పడుకున్నవమ్మా అన్న ప్రశ్నకు నేల మీద అన్న జవాబు వస్తే, కడుపునొప్పి, వాలిన రెప్పలు, వానాకాలం ఒక్కటిగా కలిసిపోతాయి.

ఆ చిత్రం మనసులో లేనివాడికి ఇవన్నీ విడివిడి ముక్కలే. పక్షవాతమా, పురుగుమందా అని తచ్చాడుతుంటాడు. పురుగుమందు తాగినవారిలో కంటిపాపలు సూదిమొనలంత కుదించుకుపోతాయి, నోటివెంట చొంగ కారుతుంది. ఇక్కడ పాపలు పెద్దవై వెలుగుకు స్పందించకపోవచ్చు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో నెత్తురు పోసి 20 నిమిషాలు కదల్చకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూసే పరీక్ష రక్తపింజర కాటును పట్టిస్తుంది; కట్లపాము విషం నరాలకు, కండరాలకు మధ్య సంకేతాలను తెంపుతుంది గాని నెత్తురు జోలికి పోదు. గొట్టంలో గడ్డకట్టింది కాబట్టి విషం ఎక్కలేదని తేల్చేస్తే, పరీక్ష చెప్పని మాటను దాని నోట పెట్టినట్టే. ఊపిరి ఆగే దశలో వెంటిలేటర్ పెట్టిన రోగి వేలైనా కదల్చలేకపోయినా తెలివితో ఉండి అన్నీ వింటూ ఉండవచ్చు. మెదడు చనిపోయిందని పొరబడే ప్రమాదం కూడా అక్కడే ఉంది.

ఇవన్నీ నేర్పేదెలా? విద్యార్థులను లెక్చర్ హాలు నుంచి రోగి మంచం పక్కకు తెచ్చి, వార్డు పనిలో భాగస్వాములను చేయడం 1890లలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో విలియం ఆస్లర్ స్థిరపరిచిన పద్ధతి. మన ఆసుపత్రుల్లో మంచం పక్క బోధన ఎప్పుడూ ఉంది గాని అది చాలావరకు ప్రశ్నోత్తరాల తంతుగా మారింది: ప్లీహం పెరగడానికి కారణాలు చెప్పు అంటే విద్యార్థి పన్నెండు కారణాలు అప్పజెబుతాడు, మంచం మీది మనిషికి ఏది ఉందో ఇద్దరూ మాట్లాడుకోరు. 1992లో అమెరికాలోని కుటుంబ వైద్య ఉపాధ్యాయులు ఐదు నిమిషాల తీరిక ఉన్నవారి కోసం ఒక చిన్న క్రమం రూపొందించారు. మొదట ఏమనుకుంటున్నావో చెప్పమని విద్యార్థిని ఒక మాటకు కట్టుబడేలా చేయాలి, ఆ మాటకు ఆధారమేమిటో అడగాలి, ఆ కేసుకు పనికొచ్చే ఒక సాధారణ సూత్రం చెప్పాలి, సరిగ్గా ఆలోచించినచోట అది సరైనదని పైకి చెప్పాలి, తప్పినచోట దిద్దాలి. ఇందులో బలమంతా మొదటి అడుగులోనే ఉంది. కట్టుబడనివాడికి తాను ఎక్కడ తప్పాడో ఎన్నటికీ తెలియదు. ల్యాబ్ కాగితం తెరవకముందే కేస్ షీట్ మీద తన ఊహ రాయమనడం దీనికి ఇంకా తేలికైన రూపం. ఉపాధ్యాయుడు తన ఆలోచనను, తడబాటుతో సహా, పైకి చెప్పడం మరొకటి. వరుసలో వెనక నిలబడినవాడికి అప్పుడే పెద్ద డాక్టరు కూడా రెండుసార్లు మనసు మార్చుకుంటాడని తెలుస్తుంది. నల్లగొండ జిల్లా నార్కెట్‌పల్లిలోని కామినేని వైద్య కళాశాలలో విద్యార్థులు రోగి అనుమతి తీసుకొని, గుర్తింపు వివరాలు తొలగించి, కేసును మొదటి నుంచి చివరి దాకా రాసి నలుగురి చర్చకు పెట్టే అలవాటు ఈ కోవలోదే.

ఆలోచనలో దొర్లే పొరపాట్లకు పేర్లు పెట్టి పట్టిక నేర్పితే చాలన్న ఉత్సాహం కూడా కొన్నాళ్లుగా ఉంది. పేర్లు తెలియడం వల్ల తప్పులు తగ్గిన దాఖలాలు బలహీనంగానే ఉన్నాయి. పక్కవాడి పొరపాటును గుర్తుపట్టడానికి అవి పనికొచ్చినంతగా తన పొరపాటును ఆపుకోవడానికి పనికిరావు. నెదర్లాండ్స్‌లో సిల్వియా మామెడే బృందం ప్రయత్నించిన దారి మెరుగ్గా కనిపిస్తుంది: తొలి ఊహకు అనుకూలమైనవి ఏవి, దానికి సరిపడనివి ఏవి, ఆ రోగమే అయితే ఉండవలసి ఉండీ కనిపించనివి ఏవి అని విద్యార్థి చేత కాగితం మీద విడదీయించడం. నిదానమైన పనే. కఠినమైన కేసులకు మాత్రమే దీన్ని అట్టేపెట్టుకోవాలి. మోకాలు గీరుకున్నవాడికి ఈ తతంగమంతా నడిపితే ఓపీ సాయంత్రానికీ తెమలదు.

నిబంధనల వైపు నుంచి మార్పు 2019లో వచ్చింది. ఆ ఏడాది చేరిన ఎంబీబీఎస్ విద్యార్థుల నుంచి అప్పటి మెడికల్ కౌన్సిల్ సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికను అమలు చేసింది. 2020 సెప్టెంబర్‌లో దాని స్థానంలోకి వచ్చిన జాతీయ వైద్య కమిషన్ దాన్ని కొనసాగిస్తోంది. మొదటి సంవత్సరం నుంచే రోగులను చూపడం, ఒక రోగిని చేరిక నుంచి డిశ్చార్జి దాకా విద్యార్థి వెంట ఉండి చూడటం, రోగితో మాట్లాడే తీరును పాఠంగా నేర్పడం ఇందులో ఉన్నాయి. ఒక్కో విద్యార్థి కొన్ని పల్లె కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించాలన్న నియమం తర్వాత చేరింది. రోగం ఎవరికి, ఏ పరిస్థితుల్లో వస్తుందో పుస్తకం చెప్పలేని ఆ మొదటి సంగతిని వార్డు బయట చూపించగల అవకాశం ఇది. ఇంట్లో నేలమీద పడుకునేవారెందరో, తాగునీరు ఎక్కడిదో, పురుగుమందు డబ్బా ఏ మూల పెడతారో కళ్ళారా చూసినవాడికి వార్డులో ప్రశ్నలు వెతుక్కోనక్కరలేదు. కాగితం మీద ఇంత చక్కగా ఉన్నది ఆచరణలో లాగ్‌బుక్ సంతకాల పోటీగా దిగజారే ప్రమాదమూ అంతే ఉంది; నెలాఖరున ముప్పై సంతకాలు ఒకే కలంతో, ఒకే రోజున పడిన పుస్తకం ఏ కళాశాలలోనైనా దొరుకుతుంది.

విద్యార్థి ఎటు మొగ్గుతాడన్నది చివరకు పరీక్షలే తేలుస్తాయి. పీజీ ప్రవేశపరీక్షలో వచ్చే ప్రశ్నలో రోగి వయసు, లక్షణాలు, రక్తపరీక్షలు అన్నీ ఎవరో ఏరి పేర్చి పెట్టి ఉంటాయి, నాలుగు జవాబుల్లో ఒకటి తప్పక సరైనదే అయి ఉంటుంది. వార్డులో ఏరే పని, పేర్చే పని, జవాబులు తయారుచేసే పని అన్నీ తనవే, నాలుగూ తప్పు కావడం కూడా సాధ్యమే. హౌస్ సర్జన్సీ ఏడాదిలో, అంటే తర్కం నిజంగా రూపుదిద్దుకోవలసిన పన్నెండు నెలల్లో, రాత్రి డ్యూటీ గదిలో కోచింగ్ యాప్ తెరిచి కూర్చునే కుర్రవాడిని తప్పుపట్టడం సులువే గాని, అతని భవిష్యత్తు వేలాడుతున్నది ఆ యాప్ మీదే. కళాశాల అంతర్గత పరీక్షల్లోనైనా సమాచారాన్ని విడతలుగా ఇచ్చి, ఒక్కో విడతకు ఊహ ఎలా మారిందో రాయించే ప్రశ్నలు పెడితే వార్డుకు, పరీక్షకు మధ్య దూరం కొంత తగ్గుతుంది.

వీటన్నిటికంటే పెద్ద లోటు మరొకటి ఉంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. తన ఊహ నిజమైందో లేదో తెలియకపోతే ఎన్ని వేలమంది రోగులను చూసినా అనుభవం పెరగదు, ధీమా మాత్రమే పెరుగుతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. బరువైన కేసులు రాత్రికి రాత్రి 108లో గాంధీకో నిమ్స్‌కో, కొన్ని సరిహద్దు దాటి మహారాష్ట్రలోని యవత్మాల్, నాగ్‌పూర్ వైపో వెళ్ళిపోతాయి. రెఫరల్ చీటీ మీద జ్వరంతో కామెర్లు అని రాసి పంపిన హౌస్ సర్జన్‌కు అక్కడ ఏం తేలిందో ఎన్నడూ తెలియదు. ఇంటికి తిరిగొచ్చిన రోగి డిశ్చార్జి కాగితాలు ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇంటి దూలానికి వేలాడుతుంటాయి. రెఫర్ చేసిన ప్రతి రోగికి పంపిననాటి ఊహ ఒక గడిలో, నెల తర్వాత ఫోన్ చేసో, ఆశా కార్యకర్త ద్వారా కాగితం తెప్పించో తెలుసుకున్న అసలు రోగం పక్క గడిలో రాసే రిజిస్టరు ఒకటి మెడిసిన్ విభాగంలో ఉంచడానికి కొత్త భవనం గాని, కొత్త పోస్టు గాని మంజూరు కానక్కరలేదు. రెండు గడులూ కలవని కేసులను నెలకోసారి విద్యార్థులందరి ముందు తెరవాలి. ఆ కేసును పంపినవాడి పేరు మాత్రం అక్కడ చదవకూడదు, చదివితే మరుసటి నెల నుంచి ఊహల గడి ఖాళీగానే ఉంటుంది.